“ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్” అన్నాక ఇంకేం రాయాలి?

ప్రశ్న: కొత్త తెలుగు సినిమా చూసిన రోజే నాలుగు ముక్కలు రాయాలని ఉంటుంది. కానీ ఎప్పుడు రాసినా “ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, బీజీఎం అదిరింది, 2.75/5” దగ్గరే ఆగిపోతున్నాను. పెద్ద సమీక్ష అక్కర్లేదు. నూటయాభై మాటల్లో సొంత అభిప్రాయం, చదివినవాళ్లకు పనికొచ్చేలా ఎలా రాయాలి?

సమాధానం:

మీరు రాసిన నాలుగు ముక్కల్లో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా అవి ఏ సినిమాకైనా అతుకుతాయి. ఒక చిన్న పరీక్ష చేయండి. రాసినదాంట్లో సినిమా పేరు తీసేసి, పోయిన నెల చూసిన ఇంకో సినిమా పేరు పెట్టి చదవండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే అది రబ్బరు స్టాంపు. పేరు మార్చగానే కూలిపోయే వాక్యమే ఆ సినిమా గురించి రాసిన వాక్యం.

చిన్న అభిప్రాయానికి కావలసినవి మూడు: ఒక తీర్పు, దానికి తెర మీద కనబడిన ఆధారం, ఆ ఆధారం అలా ఎందుకు పనిచేసిందో లేదా ఎందుకు చేయలేదో ఒక కారణం. నూటయాభై మాటల్లో ఇలాంటి జట్లు రెండు పడతాయి. మూడోది ఇరికిస్తే మూడూ పల్చబడతాయి. కాబట్టి కథ, మాటలు, పాటలు, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణ విలువలు అని వరసగా హాజరు వేయడం మానేయండి. శుభలేఖలో ఏ పెదనాన్న పేరు తప్పిపోతుందో అని భయపడేవాళ్లలా అందరికీ తలా ఒక వాక్యం పంచితే ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే.

ఆధారం దొరకాలంటే చూసేటప్పుడే కొంచెం పని ఉంది. సినిమాకి ముందు పడే సెన్సార్ సర్టిఫికెట్ చదవండి. భాష, నిడివి, వర్గం అందులో ఉంటాయి. 2024 సర్టిఫికేషన్ నిబంధనల తర్వాత యూఏ (పిల్లలు పెద్దల సలహాతో చూడదగ్గ వర్గం) మూడుగా విడిపోయింది: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఈ వయసులు తల్లిదండ్రులకు సూచన మాత్రమే, ‘ఏ’ సర్టిఫికెట్‌లా పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను గేటు దగ్గర ఆపేవి కావు. అందుకే పిల్లలతో వెళ్లాలా వద్దా అన్నదాని మీద మీరు రాసే ఒక్క వాక్యానికి చాలా విలువ ఉంటుంది. “ఫ్యామిలీతో చూడొచ్చు” అంటే సరిపోదు. “యూఏ 13+ ఇచ్చారు, కానీ మొదటి పావుగంటలోనే తల నరికే షాట్ దగ్గరగా ఉంది” అంటే ఒక అమ్మకు నిర్ణయం తేలికవుతుంది.

ఇంటర్వెల్ ఎన్నో నిమిషంలో పడిందో చేతి గడియారంలో చూసుకోండి. వెలుగు రాగానే కాగితం మీద రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: హీరోకి ఇప్పుడు ఏం కావాలి? దానికి అడ్డు ఎవరు, లేదా ఏమిటి? రెండో జవాబు వెతుక్కోవలసి వస్తే సెకండాఫ్‌లో ఏం జరగబోతోందో మీకు అప్పుడే సగం తెలిసిపోయినట్టు. చీకట్లో రాసుకోవడానికి మడిచిన కాగితం, చిన్న పెన్సిల్ చాలు. సినిమా మొత్తానికి ఐదారు గుర్తులు, ఒక్కోటి రెండు మూడు మాటలు: “వంటగది – నిశ్శబ్దం”, “బావి దగ్గర ఎడిట్ గందరగోళం”. అంతకు మించి రాస్తే తెర వదిలేసి కాగితం చూస్తారు. ఫోన్ తీయకండి. వెనక వరసకి చికాకన్నది ఒక సంగతి, తెరను రికార్డు చేయడం నేరమన్నది ఇంకో సంగతి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల రూపాయల జరిమానా. గరిష్ఠం మూడేళ్లు, జరిమానా ఆ సినిమా నిర్మాణ వ్యయంలో ఐదు శాతం దాకా. టైటిల్ కార్డు పదిహేను సెకన్ల స్టేటస్ పెట్టుకోవడానికి అంత రిస్కు అక్కర్లేదు.

బయటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకముందే, ఎవరి పోస్టూ చదవకముందే, గుర్తున్న మూడు సీన్లు రాసేయండి. పార్కింగ్‌లో పక్కవాడు “బ్లాక్‌బస్టర్ బాబాయ్” అన్నాక మీ జ్ఞాపకం మీది కాదు. పోస్టు మాత్రం మర్నాడు పొద్దున పెట్టండి. రాత్రి రాసిన విశేషణాల్లో సగం తెల్లారేసరికి రాలిపోతాయి.

ఇక తప్పు సినిమాదా, థియేటర్‌దా అన్నది తేల్చుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త లేక పాపం ఎందరో ఛాయాగ్రాహకులు తిట్లు తిన్నారు. డిజిటల్ ప్రొజెక్షన్‌లో తెర మీద తెలుపు వెలుగుకు ఒక ప్రమాణం ఉంది: 14 ఫుట్‌లాంబర్ట్‌లు, అంటే సుమారు 48 నిట్లు (రెండూ వెలుగును కొలిచే కొలతలే). దీపం పాతబడినా, త్రీడీ అద్దాలు అడ్డొచ్చినా అంత వెలుగు కంటికి చేరదు. రాత్రి సీన్లు బురదలా కనిపిస్తాయి. సినిమాకు ముందు పడే ప్రకటనల్లో తెల్లని అక్షరాలు చూడండి. అవే పసుపుగానో బూడిదగానో ఉంటే, మధ్యలో వెలుగుగా ఉండి అంచుల్లో మసకబారితే, “సినిమా చీకటిగా తీశారు” అన్న మాట ఆ షో చూసి రాయకూడదు. మాటలు వినపడకపోవడమూ ఇంతే. డైలాగ్ ఎక్కువగా తెర వెనక మధ్య స్పీకర్ నుంచి వస్తుంది. పక్క వరస చివర, గోడ స్పీకర్ కింద కూర్చుంటే సంగీతం మాటను మింగేస్తుంది. పైగా హోరు ఎక్కువైందని ఫిర్యాదులొస్తే హాలువాళ్లు మొత్తం వాల్యూమ్ తగ్గించి నడిపేస్తారు. అప్పుడు గుసగుసలు పోతాయి. గుర్తు ఏమిటంటే, అన్ని సీన్లలోనూ మాట కిందికి పోతే అది చాలామటుకు హాలు తప్పు. ప్రశాంతమైన సీన్లలో స్పష్టంగా ఉండి కొన్ని పోరాటాల్లోనే పోతే అది చాలామటుకు మిక్సింగ్ (మాట, సంగీతం, చప్పుళ్లు కలిపే పని) తప్పు.

మొదటిరోజు మొదటి ఆట చూసి డైలాగుల మీద తీర్పు చెప్పకండి. ఈలల్లో మీరు విన్నది మూడో వంతు. కామెడీ మీద కూడా అనుమానంగానే ఉండండి. నిండు హాలు నవ్వు అంటువ్యాధి, అభిమానుల నవ్వు మరీను.

ఇంట్లో ఓటీటీలో చూసి “సీరియల్‌లా ఉంది” అనేవాళ్లు ముందు టీవీ సెట్టింగ్స్ తెరవాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే అది మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి కదలికను నున్నగా చేస్తుంది. కోట్లు పెట్టి తీసిన సీన్ వీడియో కెమెరాతో తీసినట్టు కనబడుతుంది. ఆ ఆప్షన్ పేరు ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది, చాలాసార్లు అందులో ‘మోషన్’ అన్న మాట ఉంటుంది, వెతికి ఆపేయండి.

ఇప్పుడు ల్యాగ్, అంటే సాగదీత. మన అభిప్రాయాల్లో అందరూ వాడే మాట ఇదే, అందరూ తప్పు మనిషి మీద వేసే నింద కూడా ఇదే. “ఎడిటర్ కత్తెరకు ఇంకాస్త పని చెప్పాల్సింది” అన్న వాక్యానికి ఇక విశ్రాంతి ఇవ్వాలి. విసుగు పుట్టిన చోట ఒక ప్రశ్న వేసుకోండి: ఈ సీన్ మొత్తం తీసేస్తే తర్వాతి సీన్ అర్థం కాకుండా పోతుందా? పోదు అంటే ఆ సీన్ స్క్రిప్ట్ దశలోనే ఉండకూడదు, తప్పు రచనది. పోతుంది, కానీ సీన్ చెప్పవలసింది చెప్పేశాక కూడా సాగుతోంది అంటే, అప్పుడు కూర్పు గురించి మాట్లాడండి. అప్పుడూ పూర్తి బాధ్యత ఎడిటర్‌దే అనుకోకండి, ఏ సీన్ ఉండాలో ఆఖరి మాట చాలాసార్లు దర్శకుడిదో నిర్మాతదో.

రచన వల్ల వచ్చే ల్యాగ్‌లో ఎక్కువగా కనిపించే రకాలు కొన్ని ఉన్నాయి. ఒకటి, హీరో కోరిక ఇంటర్వెల్‌కే తీరిపోవడం. పగ తీర్చుకున్నాడు, అమ్మాయి ఒప్పుకుంది, ఊరు అతని వైపు తిరిగింది. ఇక సెకండాఫ్ కొత్త సమస్యతో మళ్లీ మొదలవ్వాలి. ప్రేక్షకుడికి ఇది రెండో సినిమా, కానీ మొదటి సినిమాకి ఉన్న ఓపిక ఉండదు. మీ ఇంటర్వెల్ కాగితం ఇక్కడ పనికొస్తుంది.

రెండోది, మనం హీరో కంటే ముందు ఉండటం. ఫలానా పెద్దమనిషే దొంగ అని మనకు తెలిసిపోయింది, హీరోకి తెలియడానికి మరో నలభై నిమిషాలు. మనకు ముందే తెలియడం అన్నిసార్లూ తప్పు కాదు. తెలిసిన ప్రమాదం దగ్గరపడుతుంటే అది ఉత్కంఠ. ప్రమాదం కదలకుండా కూర్చుని హీరో ఒక్కడే కదులుతుంటే అది ల్యాగ్. ఈ రెంటికీ తేడా మీరు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, చదివినవాడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

మూడోది ఫ్లాష్‌బ్యాక్. మన సినిమాల్లో అది సెకండాఫ్ మొదట్లోనో ప్రీ క్లైమాక్స్‌కి ముందో కూర్చుంటుంది. ఫ్లాష్‌బ్యాక్ బాగుందా లేదా అన్నది ఒక ప్రశ్న, దాని వల్ల వర్తమానంలో ఏమైనా మారిందా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఇరవై ఐదు నిమిషాల గతం చూశాక హీరో మీద మన అభిప్రాయం ఏమాత్రం మారకపోతే, ఎంత బాగా తీసినా అది ఆగిపోయిన బండే.

నాలుగోది ఎలివేషన్లు, అంటే హీరోని ఆకాశానికెత్తే సీన్లు. మొదటిసారి హీరో బలం ఎంతో తెలుస్తుంది. రెండోసారి ఆ బలానికి కొత్త హద్దు కనబడాలి, లేదా దాని ఖరీదు కనబడాలి. మూడుసార్లూ జనం చూపులు, స్లోమోషన్, గాలి, అదే కోరస్ అయితే అది ఒకే సీన్ మూడుసార్లు. విలన్ ఎదురు ఎత్తు వేయని సినిమాల్లో ఇది మరీ ఎక్కువ. విలన్ స్వయంగా, తెలివిగా చేసిన పనులు ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండు దాటకపోతే ల్యాగ్‌కి కారణం దొరికినట్టే.

నెమ్మది వేరు, ల్యాగ్ వేరు. ఒక ముసలాయన గేదెకు గడ్డి వేసే సీన్ నాలుగు నిమిషాలు నడిచినా, ఆ నాలుగు నిమిషాల్లో కొడుకు రాడని ఆయనకు అర్థమైతే అక్కడ కథ పరుగెడుతోంది. ఆరు నిమిషాల కారు ఛేజ్ చివర ఎవరూ దొరక్క, ఎవరూ తప్పించుకోక మళ్లీ మొదటికే వస్తే అక్కడ కథ నిలబడిపోయింది. వేగం కోతల్లో కాదు, మార్పులో ఉంటుంది.

బీజీఎం (నేపథ్య సంగీతం) దగ్గర మనకున్న జబ్బు హోరును గొప్పతనం అనుకోవడం. “అదిరింది” అన్న మాట చాలాసార్లు సబ్‌వూఫర్‌కి ఇచ్చే కితాబు. సంగీతం గురించి రాయాలంటే ముందు అది ఎక్కడ ఆగిందో గుర్తుపట్టండి. నిశ్శబ్దం ఎక్కడ వదలాలో తెలిసిన సంగీత దర్శకుడు అక్కడే దొరుకుతాడు. తర్వాత, ఒక పాత్రకి ఇచ్చిన స్వరం సినిమా పొడవునా అలాగే ఉందా, వాయిద్యం మారి, లయ తగ్గి కొత్త అర్థం తెచ్చుకుందా చూడండి. మూడో సంగతి తొందరపాటు: నటి కళ్లలో నీళ్లు తిరగకముందే వయొలిన్లు ఏడుపు మొదలుపెడితే ఆ సీన్ మీద చిత్రబృందానికే నమ్మకం లేదన్నమాట. ఇలా రాయండి: “తండ్రి చావు కబురు వచ్చిన సీన్‌లో సంగీతం లేదు, ఫ్యాన్ చప్పుడు ఒక్కటే ఉంది. సినిమాలో అన్నిటికంటే గట్టిగా తగిలింది అదే.” పాటల బాణీ మీద ఒక్కసారి విని తీర్పు అక్కర్లేదు. చోటు మీద చెప్పండి. పాటకు ముందు, పాట తర్వాత పాత్రలు ఒకే చోట ఉంటే అది ఆగిన పాట.

నటన విషయంలో డైలాగ్ చెబుతున్నవాళ్లను కాకుండా వింటున్నవాళ్లను చూడండి. మాట చెప్పడం చాలామందికి వచ్చు. ఎదుటివాడి మాట మొదటిసారి విన్నట్టు వినడం కొందరికే వచ్చు. “ఫలానా నటుడు ఒదిగిపోయాడు” అనే బదులు “అప్పు తీర్చలేనని చెప్పే సీన్‌లో ఆయన చేతులు జేబులోంచి బయటికి రావు” అని రాస్తే, ఒదగడం అంటే ఏమిటో చదివినవాడే చూసుకుంటాడు.

గొంతు కూడా నటనే, అది వేరేవాళ్లది కావచ్చు. పరభాషా నటులు ఎక్కువైన రోజుల్లో పెదవి కలిసిందా లేదా పట్టుకోవడానికి సులువైన మార్గం ప, బ, మ అక్షరాలు. ఇవి పలకాలంటే రెండు పెదవులూ మూసుకోక తప్పదు. దగ్గరి షాట్‌లో “అమ్మా” వినబడుతుంటే నోరు తెరిచే ఉందంటే, సెట్లో పలికింది ఆ మాట కాదు. డబ్బింగ్ కుదరలేదనడానికి ఇంకో గుర్తు గొంతు దూరం. పొలంలో దూరం నుంచి అరిచిన మనిషి గొంతు బీరువాలోంచి వచ్చినట్టు దగ్గరగా, పొడిగా ఉంటుంది. ఎవరు గొంతు ఇచ్చారో ఊహించి రాయకండి, టైటిల్స్‌లో ఉంటే చూసి రాయండి. అనువాద చిత్రమైతే ఏ భాషలో చూశారో మొదటి వాక్యంలోనే చెప్పాలి. తెలుగు డబ్బింగ్‌లో చప్పబడిన హాస్యానికి మూల రచయితను తప్పు పట్టడం అన్యాయం.

కెమెరా గురించి రెండు మాటలు చాలు. కొండలు అందంగా ఉంటే అది కొండల గొప్పతనం. ఇద్దరు మనుషులు ఒక గదిలో మాట్లాడుకునే సీన్‌లో వెలుగు ఎవరి మీద పడింది, ఎవరి ముఖం సగం చీకట్లో ఉంచారు అన్నదాంట్లో ఛాయాగ్రాహకుడు దొరుకుతాడు. ఫైట్‌లో తలుపు ఎటుందో, హీరో వెనక ఎవరున్నారో చెప్పలేకపోతే “ఫైట్లు గందరగోళం” అని నిశ్చింతగా రాయండి. వీఎఫ్‌ఎక్స్ (కంప్యూటర్ గ్రాఫిక్స్) తేలిపోయింది అనిపిస్తే ఎందుకో చూడండి. పాదాల కింద నీడ నేలకు అంటకపోవడం, ముఖం మీద వెలుగు ఒకవైపు నుంచి, వెనక ఆకాశంలో సూర్యుడు ఇంకోవైపు ఉండటం, జుట్టు అంచుల్లో గీత కనబడటం, ఏనుగంత జంతువు పిల్లిలా తేలిగ్గా కదలడం. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తగులుతుంది. “చీప్ గ్రాఫిక్స్” అన్నదానికంటే “పులికి బరువు లేదు” అన్నది నిజమైన విమర్శ.

“లాజిక్ లేదు” అనేముందు ఎవరి లాజిక్ అన్నది అడగాలి. హీరో ఒక్క గుద్దుతో పదిమందిని లేపడం ఆ సినిమా మొదటి సీన్‌లోనే మనతో చేసుకున్న ఒప్పందం. దాన్ని ఒప్పుకునే లోపలికొచ్చాం. అదే హీరో క్లైమాక్స్‌లో ఇద్దరు కానిస్టేబుళ్లకు లొంగిపోతే, అక్కడ తప్పింది భౌతికశాస్త్రం కాదు, సినిమా తనకు తాను పెట్టుకున్న నియమం. రాయవలసింది రెండోదాని గురించి.

స్పాయిలర్ల దగ్గర చాలామంది కథ చెప్పకపోతే చాలనుకుంటారు. “ఇంటర్వెల్ ట్విస్ట్ ఎవరూ ఊహించరు” అన్నాక చదివినవాడు గంటసేపు ఊహిస్తూనే కూర్చుంటాడు, ఊహించేస్తాడు కూడా. “ఫలానా నటుడి పాత్రను గమనించండి” అన్నది అంతకంటే ఘోరం. చిన్న పాత్రలో పెద్ద నటుడున్నాడంటేనే జనం అనుమానిస్తారు, మీరు వేలు పెట్టి చూపించనక్కర్లేదు. ట్రైలర్‌లో ఉన్నది, మొదటి ఇరవై నిమిషాల్లో తెలిసేది స్వేచ్ఛగా రాయండి. ఆ తర్వాతిదాన్ని రాయాలంటే పేర్లు, సంబంధాలు తీసేసి ఆకారం మాత్రం ఉంచండి. “తమ్ముణ్ణి చంపింది మామే అని మనకు ఇంటర్వెల్‌కే తెలుసు” అనకుండా “మనకు ఇంటర్వెల్‌కే తెలిసిన సంగతి హీరోకి తెలియడానికి నలభై నిమిషాలు పట్టింది, ఆ నలభై నిమిషాల్లో అతనికి కొత్త ఆపదేమీ రాదు” అనండి. విమర్శ పదును పోలేదు, రహస్యమూ పోలేదు.

రేటింగ్ పెట్టాలా? పెట్టకపోతే మంచిది, పెట్టక తప్పదనుకుంటే పావు అంకెలు మానండి. 2.75కి, 3కి మధ్య తేడా ఏమిటో ఇచ్చినవాళ్లనే అడిగితే నీళ్లు నములుతారు. అది చాలాసార్లు తీర్పు కాదు, రెండు వైపులా మొహమాటం. అర అంకెల్లో ఐదింటికి కొలత పెట్టుకుని, ఒక్కో అంకెకు అర్థం ఒకసారి రాసి దగ్గర పెట్టుకోండి: 2 అంటే రెండు సీన్ల కోసం టీవీలో వచ్చినప్పుడు చూడొచ్చు, 3 అంటే ఈ తరహా ఇష్టమైనవాళ్లకు టికెట్ డబ్బు దండగ కాదు, 4 అంటే తరహా నచ్చనివాళ్లనూ పంపొచ్చు, ఇలా. పాత సినిమాలకు ఇచ్చిన అంకెలతో అప్పుడప్పుడు పోల్చి చూసుకోకపోతే కొలబద్ద జారిపోతుంది.

వేరేవాళ్ల అంకెలు వాడేటప్పుడు అవి కొలిచేదేమిటో తెలిసి వాడండి. సమీక్షలను లెక్కగట్టే సైటు రాటెన్ టొమేటోస్‌లో 90 శాతం అంటే సినిమాకు నూటికి తొంభై మార్కులు కాదు, సమీక్షల్లో నూటికి తొంభై అనుకూలంగా ఉన్నాయని. అందరూ “పర్లేదు” అన్న సినిమాకూ 90 రావచ్చు. వసూళ్ల అంకెలైతే అసలు అభిప్రాయమే కాదు. పైగా గ్రాస్, నెట్, షేర్ కలగాపులగం చేస్తారు. మొత్తం టికెట్ల అమ్మకం గ్రాస్, పన్ను పోగా మిగిలింది నెట్, అందులో థియేటర్ వాటా కూడా పోయాక పంపిణీదారుకు చేరేది షేర్. మీ నూటయాభై మాటల్లో వీటికి చోటు లేదు.

భాషలో రెండు మూడు జాగ్రత్తలు. “ప్రేక్షకులకు ఎక్కదు” అనకండి, మీరు ఒక్కరే ప్రేక్షకుడు. “నాకు ఎక్కలేదు” అన్నది నిజాయితీ, ఎక్కువ బలం కూడా. మీకు పడని తరహా అయితే మొదటే ఒప్పుకోండి: “హారర్ నాకు పడదు” అన్న మూడు మాటలు తర్వాతి వాక్యాలన్నిటికీ సరైన బరువు ఇస్తాయి. “ఇంకాస్త బాగా తీయాల్సింది” అంటే ఏ కాస్తో చెప్పాలి, లేకపోతే కొట్టేయాలి. దర్శకుడి మనసులో దూరకండి. “బడ్జెట్ అయిపోయి క్లైమాక్స్ చుట్టేశారు” అన్నది మీకు తెలియని సంగతి, “క్లైమాక్స్ మూడు నిమిషాల్లో ముగిసింది, విలన్‌కి చివరి మాట కూడా లేదు” అన్నది మీరు చూసిన సంగతి. నటీనటుల ఒళ్లు, వయసు, రంగు జోలికి అసలే వద్దు. పాత్రకు వయసు నప్పకపోతే, కథ ప్రకారం కాలేజీ కుర్రాడని చెప్పిన సీన్ పేరెత్తి, అది నమ్మబుద్ధి కాలేదని చెబితే చాలు.

ఇవన్నీ కలిపితే ఎలా ఉంటుందో, లేని సినిమా మీద ఒక నమూనా:

“తెలుగులో, రెండో రోజు సాయంత్రం ఆట చూశాను. 148 నిమిషాలు, యూఏ 13+. గ్రామ రాజకీయాల కథలంటే నాకు కొంచెం మోజు, ఆ మేరకు తగ్గించి చదవండి. సర్పంచ్ ఎన్నిక చుట్టూ నడిచిన మొదటి గంట బిగువుగా ఉంది. ప్రతి సీన్ చివర ఓట్ల లెక్క మారుతుంది, ఆ లెక్క మనకూ అర్థమవుతుంది. రచ్చబండ పంచాయితీలో సంగీతం పూర్తిగా ఆపేసి, జనం గొణుగుడుతోనే సీన్ నడిపించడం బాగా కుదిరింది. ఇంటర్వెల్‌కి ఎన్నిక తేలిపోయింది. అక్కడి నుంచి హీరోకి కావలసిందేమిటో సినిమాకే తెలియలేదు. ప్రత్యర్థి సెకండాఫ్ మొత్తంలో ఒక్క ఎత్తు వేస్తాడు, అదీ ఫోన్లో. నాయిక తల్లిగా వేసిన నటి వింటూ నిలబడిన షాట్లు సినిమాను చివరిదాకా నిలబెట్టాయి. హింస తక్కువ, బూతులు రెండు చోట్ల మ్యూట్ అయ్యాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లలతో ఇబ్బంది లేదు. మొదటి గంట కోసం వెళ్లొచ్చు, ముగింపు మీద ఆశ పెట్టుకోకండి.”

వంద మాటల్లోపే. కెమెరా, నిర్మాణ విలువలు, పాటలు అసలు రాలేదు, ఎవరూ వెతుక్కోరు. రెండు తీర్పులకూ ఆధారం ఉంది, గెలిచిందెవరో చెప్పలేదు. సినిమా పేరు మార్చి చూడండి, ముఖ్యమైన వాక్యాల్లో ఒక్కటీ నిలవదు.

తేదీ, ఆట రాయడం అలంకారం కాదు. టాక్ తేడాగా వస్తే విడుదలైన వారంలోపే పది పదిహేను నిమిషాలు కోసేయడం, ఎడిట్‌లో తీసేసిన పాటను మళ్లీ కలపడం మన దగ్గర మామూలే. మీరు తిట్టిన కామెడీ ట్రాక్ సోమవారం వెళ్లినవాడికి కనబడకపోవచ్చు. ఓటీటీకి వచ్చేసరికి నిడివి మళ్లీ మారవచ్చు, నిడివి అంకె రాసి ఉంటే తేడా తెలుస్తుంది. రెండోసారి చూసి అభిప్రాయం మారితే పాతదాన్ని దిద్దకండి. కిందే కొత్త తేదీ వేసి ఏ సీన్ దగ్గర మారిందో ఒక వాక్యం చేర్చండి.